దుమ్ములగొండికి ఇంటిపేరు లేదు

మా అపార్ట్‌మెంట్ సంఘం పులిని దత్తత తీసుకోవాలని ఏకగ్రీవంగా తీర్మానించింది. లిఫ్ట్ చెడిపోయి మూడు నెలలైన మాట నిజమే. అది ఎజెండాలో రెండో అంశం. మొదటి అంశం దగ్గరే రాత్రి పదకొండు దాటడంతో లిఫ్ట్‌ను వచ్చే సమావేశానికి వాయిదా వేశాం. వన్యప్రాణి సంరక్షణ లాంటి గొప్ప పని చేతిలో ఉన్నప్పుడు ఐదంతస్తులు మెట్లెక్కడం ఒక లెక్కలోది కాదు.

విషయం తెలియనివాళ్ల కోసం చెబుతాను. హైదరాబాద్ బహదూర్‌పురాలో, మీర్ ఆలం చెరువు పక్కన, 380 ఎకరాల్లో నెహ్రూ జూ పార్కు ఉంది. 1963 అక్టోబర్ 6న జనం కోసం తెరిచారు. అక్కడ మనకు నచ్చిన జంతువు తిండి ఖర్చు కొన్నాళ్లపాటు మనం కట్టవచ్చు. దానికి పెట్టిన పేరు దత్తత. డబ్బు కట్టిన దాత పేరు బోర్డు మీద రాస్తారు. ఆ డబ్బు నిజంగా జంతువుల తిండికే పోతుంది, అందులో వెక్కిరించడానికేమీ లేదు. నా గొడవంతా ఆ బోర్డు గురించే.

మన ఇళ్లల్లో దత్తత అంటే పిల్లాడు మన ఇంటికొస్తాడు. ఇంటిపేరు మారుతుంది, గోత్రం మారుతుంది, ఆస్తిలో వాటా వస్తుంది, దాయాదులు కోర్టుకెక్కుతారు. ఇక్కడ పిల్లాడు ఉన్నచోటే ఉంటాడు. తండ్రి పేరే బయల్దేరి వెళ్లి వాడి గుమ్మం దగ్గర నిలబడుతుంది. న్యాయంగా చూస్తే దీన్ని ఇల్లరికం అనాలి.

పులే ఎందుకని నేను అడిగాను. అడిగినందుకు నలుగురూ నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది. "మన అపార్ట్‌మెంట్ పేరు బాతు పక్కన ఉంటే బాగుంటుందా సార్?" అన్నారు ప్రెసిడెంట్ గారు. నిజమే, బాగుండదు. ఫ్లాట్ల రేట్లు పడిపోతాయి.

ఆ తర్వాత ట్రెజరర్ గారు పులి భోజనం సంగతి ఎత్తారు. మాది పూర్తి శాకాహార అపార్ట్‌మెంట్. అద్దెకొచ్చేవాళ్లను కోడిగుడ్డు తింటారా అని అడిగి మరీ ఇల్లిస్తాం. పులి తినేది పెద్ద కూర, అంటే గొడ్డుమాంసం. మన మెయింటెనెన్స్ డబ్బుతో ఆ పద్దు ఎలా రాయాలి? అరగంట చర్చించి, "ఇతర పోషకాహారం" అని రాయాలని నిర్ణయించాం. పులిని మెల్లగా సోయాకు అలవాటు చేయవచ్చు కదా అని 204 ఫ్లాట్ ఆయన సూచించారు. ఆ పని ఆయనే ఎన్‌క్లోజర్‌లోకి వెళ్లి స్వయంగా చేయాలని మెజారిటీ అభిప్రాయపడటంతో సూచన వెనక్కి తీసుకున్నారు. చాలా జూలలో పెద్ద పులులకు, సింహాలకు ఆరోగ్యం కోసం వారానికో రోజు తిండి పెట్టరని నేను చెప్పాను. 503 మామ్మగారి ముఖం వెలిగిపోయింది. "ఉపవాసం ఉంటుందా? అయితే మన పిల్లే" అన్నారు.

మాటల్లో మాటగా, 2000 సంవత్సరంలో ఇదే జూలో సఖి అనే ఆడపులిని రాత్రికి రాత్రి చర్మం కోసం చంపి ఒలిచేశారని కూడా చెప్పాను. అందరూ ఒక నిమిషం మాట్లాడలేదు. తర్వాత టీ వచ్చింది.

అసలు చిక్కు డబ్బు దగ్గర వచ్చింది. ఏడాది పులికి మా నిధి చాలదు. ఇక్కడే నా బుర్రలో ఒక పథకం మెరిసింది. దాన్ని ప్రభుత్వం వారు కూడా పరిశీలించాలని మనవి చేస్తున్నాను. భగవంతుడి దయవల్ల మన తెలుగువాళ్ల ఇంటిపేర్లే సగం జూ. పులి వారున్నారు, ఏనుగు వారున్నారు, గుర్రం వారున్నారు, నక్కా వారు, పిల్లి వారు, మేకా వారు, కాకి వారు కూడా ఉన్నారు. ఎవరి ఇంటిపేరు జంతువును వారు పోషించాలి. గోత్రం మార్చే పని లేదు, కొత్తగా చుట్టరికం కలిపే పని లేదు. తరతరాలుగా ఆ జంతువు పేరు ఉచితంగా వాడుకుంటున్నాం, ఇప్పుడు కాస్త అద్దె కడతాం.

పథకం విన్న వెంటనే గొడవ మొదలైంది. "మా కాకికి మేం ఏటా తద్దినం నాడు పెడుతూనే ఉన్నాం, రెండోసారి వసూలు చేస్తారా?" అని 302 కాకి వారు లేచారు. 105 నక్కా వారు సాఫ్ట్‌వేర్ ఆఫీసులో టీమ్ లీడ్. "ఇప్పటికే నన్ను వెనకాల ఏమంటారో నాకు తెలుసు. ఇక బోర్డు కూడా పెట్టించాలా?" అన్నారు. ఏనుగు వారు ఎవరూ మా బిల్డింగ్‌లో లేరు. ఉంటే ఆ పథకం విన్నాక ఉండేవారు కాదు.

నా పథకంలో ఒక లోపం ఉందని నేనే ఒప్పుకుంటాను. దుమ్ములగొండి ఇంటిపేరుగా ఉన్నవాళ్లు నాకింతవరకు తగల్లేదు. రాబందు వారు కూడా కనబడలేదు. పులికి, ఏనుగుకు అడక్కుండానే అభిమానులుంటారు. ఈ అనాథలే మిగిలిపోతారు. పశువులకిచ్చిన డైక్లోఫెనాక్ మందు, చచ్చిన పశువు మాంసంలోంచి రాబందుల కడుపులోకి వెళ్లి దేశమంతటా వాటిని దాదాపు తుడిచిపెట్టింది. వాటి సంతానం పెంచడానికి ఇదే జూలో ఒక కేంద్రం నడుస్తోంది. కుందేలంత ఉండే మూషిక జింకను హైదరాబాద్‌లోనే ఉన్న జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలతో కలిసి ఇక్కడే పుట్టించి, పెంచి, అమ్రాబాద్ అడవిలో వదిలారు. జూ అనేది దేనికి ఉండాలో ఎవరైనా అడిగితే నేను చూపించేది ఆ జింకనే. ఈ ముక్క సమావేశంలో చెప్పాను. "అంత చిన్నదైతే ఫొటోలో పడుతుందా?" అన్నారు సెక్రటరీ గారు. పడదు. పైగా అది మనిషిని చూస్తే దాక్కుంటుంది.

దత్తత తండ్రుల బాధ్యతల మీద కూడా నాకు కొన్ని సందేహాలున్నాయి. 2021లో రెండో వేవ్ సమయంలో ఈ జూలోని 8 ఆసియా సింహాలకు కరోనా సోకింది. పేపర్లన్నీ రాశాయి. అవి కోలుకున్నాయి కూడా. అప్పుడు ఏ తండ్రైనా నాలుగు బత్తాయిలు పట్టుకుని పలకరించడానికి వెళ్లాడా? జూ మూసేశారు కాబట్టి పరువు దక్కింది. ఒక్కరిని మాత్రం మెచ్చుకోవాలి. 2016 మేలో ఒకాయన బాగా తాగి, సింహంతో చేతులు కలుపుతానని ఎన్‌క్లోజర్‌లోకి దిగారు. జూ ఉద్యోగి సింహాలను మాటల్లో పెట్టబట్టి ప్రాణాలతో బయటపడ్డారు. ఆయన అలా చేయడం ముమ్మాటికీ తప్పే. కానీ బోర్డు అడగకుండా సింహాన్ని నేరుగా కలవాలనుకున్న అభిమాని నాకు తెలిసి ఆయనొక్కరే.

ఇంకొకటి. ఈ జూలోనే చాణక్య అనే గాలాపాగోస్ తాబేలు ఉండేది. 2024లో చనిపోయేనాటికి దాని వయసు 125 అన్నారు. అంటే అది పుట్టేనాటికి ఇక్కడ ఆరో నిజాం గద్దె మీదున్నారు. అంత వయసున్న ముత్తాతను మనం ఒక నెలకో ఏడాదికో దత్తపుత్రుడిగా స్వీకరించి, సర్టిఫికెట్ తీసుకుని, గోడకు తగిలించుకోవడం ఏ ధర్మశాస్త్రం ప్రకారమో పెద్దలే చెప్పాలి.

చివరికి మా నిధికి తగ్గట్టు రాజీ కుదిరింది. ఏడాది కాకుండా ఒక్క రోజు పులి. ఒక్క రోజుకు పెద్ద బోర్డేమీ రాదేమోనని సెక్రటరీ గారు టెన్షన్ పడ్డారు. అందుకని మా ఖర్చుతో మేమే ఒక ఫ్లెక్సీ చేయించాం. అందులో మధ్యన ప్రెసిడెంట్ గారు, చుట్టూ కార్యవర్గం. పులి బొమ్మ కుడిచేతి వైపు మూలన, స్పాన్సర్ చేసిన టిఫిన్ సెంటర్ లోగో కింద. ఫ్లెక్సీకి, రెండు శాలువాలకు, వెళ్లడానికి మాట్లాడిన మినీ బస్సుకు అయిన ఖర్చు పులి భోజనానికి అయిన దానికంటే ఎంత ఎక్కువో ట్రెజరర్ గారు ఇంకా కూడుతున్నారు.

ముహూర్తం మామ్మగారు పెట్టించారు. పులిచర్మం కట్టుకునే స్వామికి ఇష్టమైన రోజని సోమవారం ఖాయం చేశారు. నలభై రెండు మందిమి పట్టుబట్టలతో బహదూర్‌పురా వెళ్లాం. గేటు దగ్గర సెక్యూరిటీ అబ్బాయి మమ్మల్ని, ఫ్లెక్సీని, శాలువాలను వరసగా చూశాడు.

"సోమవారం సెలవు సార్. రేపు రండి."

ప్రెసిడెంట్ గారు కాసేపు ఆలోచించి, ఒక శాలువా ఆ అబ్బాయికే కప్పారు. ఫొటో బాగా వచ్చింది.