ఇందులో ఏం వేశారమ్మా?

డాలస్‌లో మా సంక్రాంతి సంబరాలకు హాలు అద్దెకు తీసుకుంటాం. వడ్డనకు రెండు వరుసల బల్లలు వేస్తాం. మొదటి వరుసలో పులిహోర, గుత్తివంకాయ, గోంగూర పచ్చడి, చక్కెర పొంగలి ఉంటాయి. అన్నీ ఎవరో ఒకరి ఇంట్లో తెల్లవారుజామునే లేచి వండినవి. రెండో వరుస చివర, కాగితం పళ్లేలూ మంచినీళ్ల సీసాలూ పెట్టేచోట, మొక్కజొన్న చిప్స్ సంచులు, వాటిని ముంచుకు తినడానికి కొట్టు నుంచి తెచ్చిన చీజ్ సీసాలు ఉంటాయి. పిల్లలు మూగేది ఆ చివరే.

పోయిన ఏడాది, తెనాలి నుంచి కూతురింటికి వచ్చిన ఒక పెద్దావిడ మనవడి చేతిలోని గిన్నె చూసి నన్ను అడిగారు, "ఇందులో ఏం వేశారమ్మా?" అని. పులిహోర గురించి అడిగి ఉంటే ఏ నూనె వాడామో, ఇంగువ ఎంత వేశామో కూడా చెప్పగలిగేదాన్ని. సీసా తిప్పి చదివితే పెద్ద జాబితా, అందులో "ఎంజైములు" అని ఒక్క మాట, అంటే చీజ్ కోసం పాలను గడ్డకట్టించేవి. అవి దూడ కడుపులోంచి తీసినవా కాదా అన్నది అక్కడ లేదు. ఆవిడ పిల్లవాణ్ణి తిననిచ్చారు, తాను మాత్రం తాకలేదు.

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. మన పిల్లలు అన్నిటికన్నా ఎక్కువ ఇష్టపడి తినేదాన్నే మనం వండటం లేదు. సంఘం వంటల జాబితాలో "చిప్స్, డిప్" అన్నది పళ్లేలు, గ్లాసుల పద్దులో ఉంటుంది. వంట రాదనుకునేవారికో, కొత్తగా వచ్చినవారికో దాన్ని అప్పగిస్తాం. అది మన వంట కాదు కదా అంటారు చాలామంది. ఇరవై ఏళ్లుగా టెక్సస్‌లో ఉంటున్నాం, పిల్లలు ఇక్కడే పుట్టారు, ఇళ్లు ఇక్కడే కట్టుకున్నాం. ఈ ఊరి వంట మనది కాకుండా ఎలా పోతుంది?

టెక్సస్‌లో ఈ చీజ్ డిప్‌ను కేసో అంటారు. స్పానిష్‌లో కేసో అంటే చీజే. పూర్తి పేరు చీలే కోన్ కేసో, అంటే చీజ్‌తో మిరపకాయ. పేరులో ముందున్నది మిరపకాయ అని గమనించండి. మెక్సికో ఉత్తర ప్రాంతాల నుంచి సరిహద్దు దాటి వచ్చి టెక్సస్‌లో స్థిరపడిన వంట ఇది. గుంటూరు మిరపకూ పుట్టిల్లు అమెరికా ఖండాలే; పోర్చుగీసువారి ఓడల్లో మన తీరానికి చేరింది. టమాటా సంగతీ అంతే. పరాయిది అనుకుంటున్న గిన్నెలో మనకు బాగా తెలిసినవే సగం ఉన్నాయి.

ఇక్కడి ఇళ్లలో చాలాకాలంగా దీన్ని రెండు సరుకులతో చేస్తున్నారు. ఒకటి వెల్వీటా అనే చీజ్ దిమ్మ, 1918లో న్యూయార్క్ రాష్ట్రంలో ఎమిల్ ఫ్రే తయారుచేసింది. రెండోది రో-టెల్ డబ్బా, పచ్చిమిర్చి కలిపిన టమాటా ముక్కలు. 1940లలో టెక్సస్ దక్షిణ కొసన ఎల్సా అనే చిన్న ఊళ్లో మొదలైంది. ఇది టెక్సస్ అమ్మల చేతి వంట, దాన్ని నేను తక్కువ చేయను. నేను వద్దనేది సీసా మూత తీసి బల్ల మీద పెట్టి, అతిథులకు పెట్టామనుకోవడం.

ఇంట్లో చేయడానికి అరగంట చాలు. కాని ఆ అరగంట పొయ్యి దగ్గరే ఉండాలి. ముందు మిరపకాయలు. పొబ్లానో అని ముదురాకుపచ్చ రంగులో, అరచేయంత ఉంటాయి, కారం తక్కువ. వాటిని మంట మీద నేరుగా పెట్టి తిప్పుతాను, పచ్చడికి వంకాయ కాల్చినట్టే. తోలు నల్లబడి, బుడగలు లేచి చిటపటలాడుతుంది. గిన్నెలో వేసి పది నిమిషాలు మూత పెడితే ఆ ఆవిరికే పొట్టు వదులుతుంది. వేళ్లతో తుడిచేయాలి. నీళ్లతో కడిగితే కాల్చిన వాసన కూడా కొట్టుకుపోతుంది.

తర్వాత చీజ్. ఒక పౌను, అంటే సుమారు 450 గ్రాములు. సగం చెడ్డార్, సగం మాంటెరీ జాక్. దిమ్మలు కొని ఇంట్లోనే తురుముకోవాలి, ఎందుకంటే తురిమి అమ్మేదానికి ముక్కలు అంటుకోకుండా పిండి పట్టిస్తారు, కరిగాక ఇసుకలా తగులుతుంది. ఏళ్ల తరబడి మాగిన చెడ్డార్ ఈ పనికి వద్దు, త్వరగా విరుగుతుంది. పనీర్ వేస్తే సరిపోదా అని చాలామంది అడుగుతారు. సరిపోదు. నిమ్మరసంతో విరిచిన పాలముద్ద వేడికి మెత్తబడుతుంది గాని కరగదు.

తురుముకు ఒక టేబుల్ స్పూను కార్న్‌ఫ్లోర్ పట్టించి, 12 ఔన్సుల ఎవాపరేటెడ్ పాల (నీరు ఇగిర్చి చిక్కబరిచిన పాల) డబ్బాతో కలిపి సన్నని సెగ మీద పెట్టాలి. అడుగంటకుండా కలుపుతూనే ఉండాలి. కోవా కలిపిన చేతులకు ఈ ఓపిక కొత్త కాదు. అయిదారు నిమిషాలు ఏమీ జరగనట్టే ఉంటుంది. తర్వాత ఒక్కసారిగా గరిటె బరువెక్కుతుంది. గరిటె ఎత్తితే ధార తెగకుండా, పట్టు రిబ్బనులా దిగుతుంది. అప్పుడు మిరప ముక్కలు, గింజలు తీసిన టమాటా, వేయించి దంచిన జీలకర్ర వేసి దించేయాలి.

ఇక్కడ మన చేతివాటం ఒకటి మార్చుకోవాలి. మన కూరల్లో నూనె పైకి తేలితే ఉడికిందని గుర్తు. ఇందులో నూనె తేలిందంటే చెడిందని గుర్తు. చీజ్‌లోని ప్రోటీన్ వలను కాల్షియం పట్టి ఉంచుతుంది. సెగ ఎక్కువైతే ఆ వల బిగుసుకుని కొవ్వును బయటకు తోసేస్తుంది, కింద రబ్బరు ముద్ద, పైన నూనె మిగులుతాయి. పాలల్లోని ప్రోటీన్, కార్న్‌ఫ్లోర్ అలా కాకుండా కాపాడతాయి. ఇంకో దారి సోడియం సిట్రేట్ అనే లవణం. అది కాల్షియాన్ని తనవైపు లాక్కుని, కొవ్వూ నీరూ కలిసి ఉండేలా చేస్తుంది. 1911లో స్విట్జర్లాండ్‌లో గెర్బర్, స్టెట్లర్ అనే ఇద్దరు దీంతోనే నిల్వ ఉండే చీజ్ తయారుచేశారు. పేరు విని భయపడనక్కర్లేదు, విరేచనాలైనప్పుడు తాగించే ఓఆర్ఎస్ పొట్లంలో ఉండేదీ ఇదే.

తాలింపు పెడదామా, కరివేపాకు వేద్దామా అని అడిగేవారికి నా జవాబు, వద్దనే. జీలకర్ర ఈ వంటలో ముందునుంచీ ఉన్నదే. ఒక ఊరి వంట నేర్చుకునేటప్పుడు మొదట ఆ ఊరివాళ్లు చేసినట్టే చేయాలి, అది ఆ ఊరికి ఇచ్చే మర్యాద. ఉల్లి, వెల్లుల్లి తినని పెద్దల కోసం మాత్రం అవి లేకుండానే చేయండి, లోటేమీ తెలియదు.

పెద్దావిడ ప్రశ్నకు జవాబు కూడా దొరుకుతుంది. చీజ్ మనమే కొంటాం కాబట్టి ఎంచుకోవచ్చు. పాలను గడ్డకట్టించే ఎంజైము పేరు కైమోసిన్. దూడ కడుపులోంచి కాకుండా పులియబెట్టే పద్ధతిలో తీసిన కైమోసిన్‌ను అమెరికా ప్రభుత్వం 1990లో అనుమతించింది. ఇప్పుడు ఇక్కడి చీజ్‌లో ఎక్కువ భాగం దానితోనే తయారవుతోంది. చాలా దిమ్మల మీద శాకాహార ఎంజైములని స్పష్టంగా రాస్తారు. ఆ మాట ఉన్నదే తీసుకోండి, ఆ కాగితాన్ని గిన్నె పక్కనే పెట్టండి.

హాల్లో ఇది చల్లారితే గట్టిపడుతుంది. స్లో కుక్కర్‌ను సన్న వేడిలో ఉంచి, 140 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు తగ్గకుండా చూసుకోవాలి. బిగిస్తే రెండు చెంచాల వేడి పాలు పోస్తే చాలు.

ఉగాదికి జాబితా రాయడం మొదలైంది. కేసోను పళ్లేల పద్దులోంచి తీసి వంటల వరుసలో, గుత్తివంకాయ కింద రాయమని కార్యవర్గాన్ని కోరాను. దాని ఎదురుగా నా పేరు ఉంది. రెండు వందల మందికి మిరపకాయలు కాల్చాలి, ఆ ఉదయం ఏడింటికి మా ఇంటికి రాగలిగినవారు ఇంకో ఇద్దరు కావాలి. పిల్లల్ని కూడా తీసుకురండి, పొట్టు తీసే పని వాళ్లకు ఇద్దాం.