నీళ్ల పద్దుకు బ్లాక్‌చైన్

ఎదురుగా అంత సముద్రం పెట్టుకుని, ఎండాకాలంలో నీళ్ల ట్యాంకరు కోసం వీధి చివరిదాకా తొంగిచూసే ఊరు మాది. దానికి అలవాటు పడిపోయాం. విశాఖ ఎంవీపీ కాలనీలోని మా అపార్ట్‌మెంటులో ఈసారి గొడవ నీళ్ల గురించి కాదు, నీళ్ల పుస్తకం గురించి. ఏప్రిల్‌లో 11 ట్యాంకర్లు వచ్చాయని అందరం అనుకుంటుంటే సెక్రటరీ గారి పుస్తకంలో 17 తేలాయి. ఒకటి ఏడు కావడానికి తల మీద చిన్న గీత చాలు. పెన్ను జారిందన్నారాయన. "జారితే ఆరు ట్యాంకర్లు పడ్డాయా? పడితే మా బకెట్లో ఒక్క చుక్కా పడలేదే!" అన్నారు 202 మేడమ్.

అప్పుడు 403 కుర్రాడు లేచాడు. రుషికొండలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. "అంకుల్, దీనికి బ్లాక్‌చైన్ ఒక్కటే సొల్యూషన్" అన్నాడు. 24 ఫ్లాట్ల వాళ్లం సెల్లారులో ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని విన్నాం. విన్న మీదట ఈ విధానాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాను. కారణాలు మనవి చేసుకుంటాను.

ఇప్పుడున్న పుస్తకం ఒకటే, అది ఒకాయన దిండు కింద ఉంటుంది. ఇకపై 24 ఇళ్లలో 24 పుస్తకాలు. ట్యాంకరు వస్తే అందరూ రాసుకుంటారు. పేజీ నిండితే అదొక బ్లాకు. ఆ పేజీలో ఉన్నదంతా లెక్కల రోట్లో వేసి రుబ్బితే 64 అక్షరాల ముద్ర ఒకటి వస్తుంది. పేరు హ్యాష్. పచ్చడి లాంటిదే అనుకోండి. అవే దినుసులు వేస్తే ఎప్పుడూ అదే రుచి. ఉప్పు రవ్వంత మారితే మొత్తం వేరే రుచి. రుబ్బిన పచ్చడిలోంచి మిరపకాయను వెనక్కి తీయడం మాత్రం ఎవరి తరమూ కాదు. ఈ ముద్రను తర్వాతి పేజీ నెత్తిన రాశాకే కొత్త పద్దు మొదలుపెట్టాలి. మూడో పేజీలో ఒకటిని ఏడు చేశారా, దాని ముద్ర మారిపోతుంది, నాలుగో పేజీ నెత్తిన ఉన్నదానితో కలవదు. నాలుగు దిద్దితే ఐదు అలుగుతుంది. అన్నిటినీ బుజ్జగించి దిద్దుకున్నా మిగతా 23 ఇళ్ల పుస్తకాలు ఒప్పుకోవు. ఈ బ్లాకుల గొలుసే బ్లాక్‌చైన్.

"ఇది ముక్తపదగ్రస్తం కదయ్యా!" అన్నారు 202 మేడమ్. ఆవిడ హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యారు. ఒక పాదం చివర వదిలిన మాటనే అందుకుని తర్వాతి పాదం మొదలవ్వాలి. మధ్యలో మాట మారిస్తే పద్యం నడుం విరుగుతుంది. రెండు మార్కుల కోసం బట్టీ పట్టి మరిచిపోయిన అలంకారంతో జనం కోట్లు గడిస్తున్నారని తెలిసి నాకు కాస్త బాధ కలిగింది.

కుర్రాడు చరిత్ర కూడా చెప్పాడు. ఈ గొలుసు ఆలోచన 1991లోనే హేబర్, స్టోర్నెట్టా అనే ఇద్దరు అమెరికాలో చేశారట. 1995 నుంచి తమ ముద్రను న్యూయార్క్ టైమ్స్ చిన్న ప్రకటనల్లో వేయించేవారట. ఊరంతటి చేతిలో ఉన్న పేపరును ఎవడు దిద్దగలడు? తర్వాత 2008 అక్టోబరు 31న సతోషి నకమోటో అనే పేరుతో తొమ్మిది పేజీల పత్రం వచ్చింది, దాంట్లోంచి బిట్‌కాయిన్ అనే కంప్యూటర్ డబ్బు పుట్టింది. ఆ సతోషి ఎవరో ఈ రోజుకీ తెలియదు. లెక్కలు రాసింది ఎవరో తెలియకపోయినా లెక్కలు చెల్లుతాయన్న సంగతి మా సెక్రటరీ గారికి బాగా నచ్చింది. అభ్యంతరం లేదన్నారు.

ట్రయల్ కింద వారం రోజులు నడిపాం. కొత్త పేజీ ఎవరు రాయాలన్న దగ్గర మొదటి చిక్కొచ్చింది. బిట్‌కాయిన్‌లో దీనికి పందెం పెడతారు. ముద్ర మొదట్లో ఇన్ని సున్నాలు రావాలంటారు, కంప్యూటర్లు కోట్లాను కోట్ల అంకెలు వేసి చూస్తాయి, ముందు తగిలించినవాడు పేజీ రాసి బహుమతి పట్టుకుపోతాడు. సగటున పది నిమిషాలకో పేజీ. బహుమతి మొదట 50 బిట్‌కాయిన్లు ఉండేది, సగం సగం తగ్గుతూ 2024 ఏప్రిల్ నుంచి 3.125 అయింది. మా దగ్గర బహుమతి నెల మెయింటెనెన్స్ మాఫీ. అంతే, 302 వాళ్లు మూడు కంప్యూటర్లు తెచ్చారు, 104 వాళ్లు నాలుగు. గురువారం రాత్రి ప్యానెల్ బోర్డు కాలిపోయింది. మోటారు ఆడక సంపులో నీళ్లు సంపులోనే ఉండిపోయాయి. పైన కుళాయిలు పొడి. ఎన్ని ట్యాంకర్లు వచ్చాయన్న లెక్క మాత్రం వజ్రంలా ఉంది.

దానికీ విరుగుడు ఉందన్నాడు కుర్రాడు. బిట్‌కాయిన్ లాంటిదే ఇంకో గొలుసు, ఇథీరియం వాళ్లు 2022 సెప్టెంబరులో ఈ పందేలు మానేసి, డిపాజిట్ కట్టినవాళ్లే పేజీ రాసే పద్ధతికి మారారు. కరెంటు ఖర్చు 99 శాతం పైగా తగ్గింది. మేమూ మారాం. ఫ్లాటుకో డిపాజిట్ అనుకుంటే, అమ్ముడుపోనివీ, బావమరిది పేరు మీద ఉన్నవీ కలిపి బిల్డర్ గారివి 13 తేలాయి. 24లో 13. సగానికి మించి ఒకరి చేతిలో పడితే గొలుసు ఆయన చెప్పినట్టు ఆడుతుందట, దీన్ని 51 శాతం దాడి అంటారట. మా దగ్గర దాడేమీ జరగలేదు. బిల్డర్ గారు మర్యాదగా వచ్చి, అల్లం టీ తాగి, "అందరం ఒక కుటుంబం" అని వెళ్లారు.

రెండో చిక్కు వాచ్‌మన్. ట్యాంకరు వస్తే ఫోన్‌లో నొక్కేది అతనే. 5,000 లీటర్ల ట్యాంకరు నిండుగా వచ్చిందా, ముక్కాలే వచ్చిందా అని అడిగితే "పైపు సప్పుడు వింటాను గానీ, లోపలెంత ఉందో నాకేటి తెలుస్తాది బాబూ" అన్నాడు. కాబట్టి ఎంతొచ్చినా 5,000 అని 24 పుస్తకాల్లో ఎక్కుతుంది. ఎక్కాక ఎవరూ చెరపలేరు.

ఇలాంటి గొలుసుతో నాకు పాత పరిచయం ఉంది. మధురవాడ అవతల 200 గజాల స్థలం కొన్నాను. అమ్మినాయన లింకు డాక్యుమెంట్లు నాలుగు పరిచాడు. ప్రతి దస్తావేజులో వెనకటి దస్తావేజు నంబరు ఉంది. ఈసీ, అంటే స్థలం మీద లావాదేవీల చిట్టా, పాలలా తెల్లగా ఉంది. ముక్తపదగ్రస్తం ఎక్కడా తెగలేదు. రిజిస్ట్రేషన్ అయ్యాక పసుపు కుంకుమలతో వెళ్తే అక్కడ ఇంకొకాయన ప్రహరీ గోడ, లోపల కొబ్బరి చెట్టు, చెట్టుకు గెలలు. గొలుసులో మొదటి మనిషికి ఆ స్థలం ఏనాడూ లేదట. లేని స్థలాన్ని తర్వాతి వాళ్లంతా పరమ పద్ధతిగా చేతులు మార్చారు. 2017లో మన ప్రభుత్వం భూమి రికార్డులను బ్లాక్‌చైన్‌లో పెట్టే ప్రయోగం ప్రకటించింది. ఆ అక్టోబరులోనే విశాఖలో బ్లాక్‌చైన్ సదస్సు కూడా ఘనంగా జరిగింది. ఆ గెలలు తలుచుకుని నేనెంత ఆనందపడ్డానో! ఇక నా దస్తావేజును బ్రహ్మదేవుడు కూడా దిద్దలేడు.

అసలు పనికొచ్చే చోట్లు లేవని కాదు. ఒకరినొకరు నమ్మని పదిమంది చేతులు మారే సరుకుకు ఇది మంచిదే. 2019లో కాఫీ బోర్డు బ్లాక్‌చైన్ మీద కాఫీ అమ్మకాల వేదికను ప్రయోగంగా మొదలుపెట్టింది. మన అరకు గింజ ఏ తోటదో విదేశంలో కొనేవాడికి తెలిస్తే మంచిదే కదా. వాల్‌మార్ట్ వాళ్లు మామిడి ముక్కల పుట్టుపూర్వోత్తరాలు కనుక్కోవడానికి ముందు దాదాపు వారం పట్టేదట, బ్లాక్‌చైన్‌తో 2.2 సెకన్లు. మా పూర్ణా మార్కెట్ బండివాడు ఇంకా ఫాస్ట్. అడగకముందే "నూజివీడు రసం బాబూ" అంటాడు, ఏ పండైనా.

ఓడరేవు ఊరివాళ్లం కాబట్టి ట్రేడ్‌లెన్స్ సంగతీ చెప్పుకోవాలి. కంటైనర్ల కాగితాలన్నీ ఒకే గొలుసులో ఉండాలని ఓడల కంపెనీ మెర్స్క్, కంప్యూటర్ల కంపెనీ ఐబీఎం కలిసి 2018లో పెట్టాయి. పరిశ్రమ అంతా కలిసిరాలేదని 2022 చివర్లో మూసేస్తున్నామని ప్రకటించాయి. ప్రపంచంలో ఓడల కంపెనీలకు కుదరనిది మా 24 ఫ్లాట్లకు కుదురుతుందని నా గట్టి నమ్మకం. ఓడల వాళ్లకు మాలా ఒక వాట్సాప్ గ్రూపు లేదు కదా.

ఒకటో తారీకు నుంచి అసలు గొలుసు మొదలుపెట్టాలని తీర్మానించాం. అంతలో 202 మేడమ్ అందరినీ సంపు దగ్గరికి తీసుకెళ్లారు. వాచ్‌మన్ భార్య ట్యాంకరు వచ్చినప్పుడల్లా గోడ మీద బొగ్గుతో గీత గీస్తుందట, పాల లెక్కకు క్యాలెండర్లో గీసినట్టు. ఏప్రిల్ కింద 11 గీతలున్నాయి. లిఫ్టు ఎక్కే ప్రతివాడూ రోజూ చూసే గోడే. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. గోడ మరీ అసహ్యంగా ఉందని, కొత్త టెక్నాలజీ వస్తున్న శుభసమయంలో ఇది బాగుండదని సెక్రటరీ గారు అన్నారు. బిల్డర్ గారు బలపరిచారు. 13 ఓట్లతో నెగ్గింది.

సతోషి 2009 జనవరి 3న కట్టిన మొట్టమొదటి బ్లాకులో ఆ రోజు లండన్ పేపరు హెడ్డింగు ఒకటి పొదిగాడట, చరిత్రకు గుర్తుగా. మా మొట్టమొదటి బ్లాకులో ఎక్కింది సంపు గోడకు సున్నం ఖర్చు. ఎంత అని ఉందో నేను సరిగా చూడలేదు. మొదటి అంకె ఏడులా ఉంది.