పువ్వు ముందు కలుపు తీయొద్దు

తొలకరి పడగానే అనంతగిరి, మారేడుమిల్లి అడవుల్లో నేల ఆర్కిడ్లు తలెత్తుతాయి. వాటి వెనకే కెమెరాలూ బయల్దేరతాయి. ఫొటోలు తీయొద్దని ఎవరూ అనరు. మా అభ్యంతరమల్లా క్లిక్కుకు ముందు జరిగే 'శుభ్రం' మీదే: గడ్డి పీకడం, ఎండుటాకులు ఊడ్చేయడం, నాచు గీకడం.

ఆర్కిడ్ గింజ దుమ్ము రేణువంత. మొలకెత్తడానికి కావలసిన తిండి అందులో ఉండదు, చుట్టూ ఉన్న శిలీంధ్రాలే పెట్టాలి. నేల ఆర్కిడ్లకైతే అవి ఆ మట్టిలో, కుళ్లే ఆకుల్లోనే బతుకుతాయి. ఇక గడ్డి పీకితే దుంపకు నీడ, తేమ పోతాయి. దాగి ఉన్న పువ్వు మేకల కంటా పడుతుంది.

నెర్విలియా అనే నేల ఆర్కిడ్‌తో మరీ జాగ్రత్త. దానికి ముందు పువ్వొస్తుంది, అది వాడాక గానీ ఆకు పైకి రాదు. ఒక పువ్వు ముందు మోకాళ్లూనితే, ఇంకా తలెత్తని వాటిని ఎన్నింటిని నలిపామో మనకే తెలియదు. బండ మీదో, ఉన్న కాలిబాట మీదో ఆగి తీయాలి. 50 మి.మీ. మాక్రో (దగ్గరి ఫొటోల లెన్సు) కన్నా 100 మి.మీ.ది మేలు, పువ్వు అంతే పెద్దగా వస్తుంది, మనం దూరంగా ఉండొచ్చు. ట్రైపాడ్ కాళ్లు గుచ్చే బదులు బండ మీద చిన్న బియ్యం సంచి పెట్టి కెమెరా ఆనిస్తే సరి. అడ్డొచ్చిన గడ్డిపోచను పుల్లతో వంచి పట్టుకుని, పనయ్యాక వదిలేయాలి. వెనక గజిబిజిగా ఉందా? కెమెరాను రెండంగుళాలు పక్కకు జరిపి, అపర్చర్‌ను (లెన్సులో వెలుతురొచ్చే కన్నాన్ని) ఎఫ్/11 నుంచి ఎఫ్/5.6కు తెరిస్తే మసకబారుతుంది. అప్పుడు పూరేకులు మసకబారకుండా లెన్సును పువ్వుకు తిన్నగా పెట్టాలి.

పువ్వును వేలితో తిప్పొద్దు. ఆర్కిడ్ పుప్పొడి పొడిగా రాలదు, జిగురున్న ముద్దగా ఉంటుంది. అది వేలికి అంటుకొచ్చిందా, తేనెటీగ మోయాల్సిన సరుకంతా పోయినట్టే.

చెట్టెక్కిన వాండా ఆర్కిడ్ కోసం కొమ్మ వంచేవాళ్లున్నారు. బదనిక అనుకుని పీకేవాళ్లూ ఉన్నారు. పాపం, అది చెట్టు రసం తాగదు, బెరడును పట్టుకుని ఉంటుందంతే. కింద నుంచి 300 మి.మీ. లెన్సు చాలు, లేదంటే పక్క గట్టెక్కాలి.

ఫోన్‌లో లొకేషన్ ఆపేసి తీయాలి. మొక్కలు తవ్వి అమ్ముకునేవాళ్లకు ఫొటోలో దాగిన ఆ లొకేషన్ అంకెలే దారి చూపిస్తాయి. పోస్టులో జిల్లా పేరు చాలు.

ఫొటో పోటీలు పెట్టేవారు ఒక నిబంధన చేర్చాలి. దగ్గరి ఫొటోతో పాటు, పనయ్యాక అదే చోటును నిలబడి తీసిన రెండో ఫొటో కూడా అడగాలి. పీకిన గడ్డి, నలిగిన నేల అందులో కనిపిస్తే, మొదటిది ఎంత బాగున్నా పక్కన పెట్టాలి.