‘తతత’ ఎవరిది?

మా మనవడు అన్నప్రాశన రోజున, పరమాన్నం చెంచా నోటి దాకా వచ్చాక, తల పైకెత్తి స్పష్టంగా ‘తతతత’ అన్నాడు. శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలి ఒక్కటే అనుకునేవాణ్ణి. ఆ క్షణంలో మా హాలు రెండోది అయింది. తాతను నేను కాబట్టి పిలుపు నాదన్నాను. అన్నది ‘అత్త’ అని, మొదటి అక్షరాన్ని పరమాన్నంతో పాటు మింగేశాడని వాడి మేనత్త వాదించింది. మా అల్లుడు తక్కువ మాట్లాడే మనిషి. “టాటా చెబుతున్నాడు మామయ్యగారూ, ఎండ ముదరక ముందే బయల్దేరమంటున్నాడు” అని చెప్పులు వెతుక్కోసాగాడు.

భూమి తగాదా అయితే అడంగల్ తెచ్చి చూపించవచ్చు. శబ్దానికి పట్టా ఏ తహసీల్దారు ఇస్తాడు? అందుకని శాస్త్రాన్ని సాక్ష్యానికి పిలిచాను. నా పక్షాన చెబుతుందని నమ్మే పిలిచాను, దాచడం దేనికి.

సాక్షి పురిటి మంచం దగ్గర నుంచి మొదలుపెట్టింది. అప్పుడే పుట్టిన బిడ్డకు గొంతుపెట్టె బాగా పైన ఉంటుంది, నాలుక నోరంతా ఆక్రమిస్తుంది. ఏడుపు, తుమ్ము, త్రేన్పు తప్ప మరొకటి పలకడానికి చోటుండదు. ఆ ఏడుపుకూ ఒక ఊరు ఉంది. 2009లో ముప్పై మంది ఫ్రెంచి, ముప్పై మంది జర్మన్ పసికందుల ఏడుపులు పోల్చి చూస్తే, ఫ్రెంచి ఏడుపు ఎక్కువగా పైకి ఎక్కుతోంది, జర్మన్ ఏడుపు కిందికి దిగుతోంది. కడుపులో ఉండగా విన్న మాటల రాగమే అదని పరిశోధకుల మాట. ఈ సంగతి ఇంట్లో చెప్పడం నా పొరపాటు. వాడు మూడో రోజునే సిక్కోలు రాగంలో ఏడ్చాడని మా ఆవిడ, కాదు అచ్చంగా గుంటూరు ఏడుపేనని వియ్యపురాలు పట్టుబట్టారు. “అది ఆకలి ఏడుపు” అని మా అమ్మాయి అడ్డుపడకపోతే రెండో వ్యాజ్యం మొదలయ్యేది.

రెండు మూడు నెలలకు ‘ఉంగా’లు వచ్చాయి. మేము మాట్లాడుతుంటే ఆగేవాడు, మేము ఆగితే అందుకునేవాడు. ఈ మర్యాద మా ఇంట్లో పెద్దలెవరికీ లేదు. ఐదో నెలలో పెదవులతో ‘బుర్రు’మని తుంపర్లు ఊదాడు. పిల్లలు అలా ఊదితే వాన వస్తుందని నమ్మకం కదా, మాఘమాసంలో కూడా ఆరేసిన బట్టలు పరుగున లోపలికి వచ్చాయి.

ఇక ‘తతత’. ఆరు నుంచి పది నెలల మధ్య పిల్లలు దవడను లయగా ఆడించడం నేర్చుకుంటారు. పెదవులు కలిస్తే ‘బబబ’, ‘మమమ’. నాలుక కొస తగిలితే ‘తతత’, ‘దదద’. అర్థమేమీ ఉండదు, అంతా సాధకం. విజయనగరంలో 1919 నుంచి సంగీత కళాశాల ఉంది. అక్కడ పిల్లవాడు సరళీస్వరాల్లో ‘పపప’ అన్నాడని వాళ్ల పాప పరుగెత్తుకు రాదు. (వినికిడి లోపమున్న పిల్లల్లో ఈ పలుకు ఆలస్యమవుతుంది. పది నెలలు నిండినా రాకపోతే చెవి పరీక్ష చేయించాలి. ఇది మాత్రం వేళాకోళం కాదు.)

అసలు దెబ్బ ఇక్కడ తగిలింది. అమ్మ, అత్త, తాత, మామ అనేవి పిల్లలు మా దగ్గర నేర్చుకున్న మాటలు కావట. వాళ్ల నోట ఊరికే దొర్లిన శబ్దాల మీద పెద్దలు పాకలు వేసుకుని, తర్వాత క్రమబద్ధీకరించుకున్నారు. పాలు తాగుతున్నప్పుడు ముక్కులోంచి వచ్చే మూలుగే ‘మ’ అని, అదే అమ్మకు పిలుపైందని రోమన్ యాకోబ్సన్ అనే భాషావేత్త వివరించాడు. జార్జియా దేశంలో ‘మామా’ అంటే నాన్న. తమిళులకు ‘అప్పా’ తండ్రి, మా వైపు ‘అప్ప’ అక్క. ఎవరు ముందు పాక వేస్తే వారిదే స్థలం.

సవరల మధ్య కూర్చుని, విని, వారి భాషకు నిఘంటువూ వ్యాకరణమూ కట్టిన గిడుగు రామమూర్తి పుట్టిన జిల్లా ఇది. ఆయన ముందు విన్నారు, తర్వాత రాశారు. మేము ముందే రాసుకుని కూర్చున్నాం.

అల్లుడి ‘టాటా’కు మాత్రం సాక్షి కొంత ఊతమిచ్చింది. 1984 నాటి పరిశోధన ఒకటుంది: ఇంగ్లీషు ఇళ్లలో పెరిగే ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు హిందీలోని ‘ట’కూ ‘త’కూ తేడా పట్టగలిగారు, ఏడాది నిండేసరికి ఆ నేర్పు పోయింది. అంటే మావాడి చెవికి తాత ఎవరో, టాటా ఏదో తెలుసు. నోటికి ఇంకా ఆ పూచీ లేదు.

చివరికి ప్రయోగం పెట్టాం. వాణ్ణి చాప మీద పడుకోబెట్టి ఒక్కొక్కరం ఎదురుగా నిలబడ్డాం. మమ్మల్నందరినీ దాటేసి, వాడు మళ్లీ పైకి చూసి ‘తతతత’ అన్నాడు. పైన సీలింగు పంకా తిరుగుతోంది. మా నాన్నగారి హయాంలో కొన్నది. వరస కలిపి చూస్తే వాడికి తాతే అవుతుంది.