దిండు, బ్యాటు, గుమ్మడి వడియాలు

మొన్న ఆదివారం జరిగింది ఇది. ఇప్పటికీ లిఫ్ట్‌లో ఎవరన్నా ఎక్కితే ఫోన్ చూసుకుంటున్నట్టు నటిస్తున్నా, అంత తాజాగా ఉంది.

నాకు డస్ట్ ఎలర్జీ. పొద్దున కళ్ళు తెరవగానే తుమ్ములు మొదలు, ఒకటీ రెండూ కాదు, తక్కువలో తక్కువ 9. మొదటిదానికి మా అమ్మ వంటింట్లోంచి "చిరంజీవ" అంటుంది, నాలుగోదానికి "చిరం" దగ్గరే ఆగిపోతుంది, ఆ తర్వాత నాకు కుక్కర్ విజిలే దీవెన. ఎదురు ఫ్లాట్‌లో మా అసోసియేషన్ సెక్రటరీ ఉంటాడు, శకునాల పట్టింపు మనిషి. చెప్పులేసుకునే టైముకి నా తుమ్ము వినపడిందా, మళ్ళీ లోపలికెళ్ళి కూర్చుని మంచినీళ్ళు తాగితే గానీ బయల్దేరడు. ఒంటి తుమ్ము చెడ్డది, జంట తుమ్ము పర్లేదు అని ఆయన లెక్క, అందుకని గుమ్మంలో నిలబడి వేళ్ళు మడిచి లెక్కెడతాడు. 9 బేసి సంఖ్య, నేనేం చెయ్యను. "మీ వల్ల రోజూ ఆఫీసుకి లేటు సార్" అని నాకే నిష్ఠూరం.

సరే, డాక్టర్ దగ్గరికెళ్ళాను. నాకు ఏది పడట్లేదో తేల్చడానికి చేతి మీద చుక్కలు వేసి సూదితో గీరి (దీనికోసం వారం ముందే తుమ్ముల మాత్ర సెట్రిజిన్ ఆపమన్నారు, ఆ వారం సంగతి అడక్కండి), పావుగంట ఆగి చూస్తే రెండు చోట్ల దోమ కుట్టినట్టు దద్దులు లేచాయి. ఒకటి వయ్యారిభామ అనే కలుపుమొక్క, ఇంకోటి డస్ట్ మైట్. ఈ మైట్ అనేది కంటికి ఆనని పురుగు, మన ఒంటి నుంచి రాలే చర్మం పొట్టు తింటూ పరుపుల్లో, దిండ్లలో కాపురం పెడుతుంది, మనకి పడనిది ముఖ్యంగా దాని పెంట. అంటే 38 ఏళ్ళుగా నేను మొహం పెట్టి పడుకుంటున్నది ఎందులోనో మీరే ఊహించుకోండి.

వయ్యారిభామ సంగతి ఇంకో గొడవ. మా పక్క ఖాళీ ప్లాట్ నిండా అదే, నడుమెత్తు పెరిగి తెల్లగా పూసి ఊగుతుంటుంది. పూత రాకముందే పీకించండి మొర్రో అని గ్రూపులో మూడుసార్లు పెట్టా. "అది మన కాంపౌండ్‌లో లేదు సార్" అని సెక్రటరీ జవాబు, కింద దణ్ణం ఎమోజీ. పుప్పొడికి ఈ రూలు తెలీదు పాపం, గేటు దగ్గర రిజిస్టర్‌లో సంతకం పెట్టకుండానే లోపలికొచ్చేస్తోంది.

డాక్టర్ ఏం చెప్పాడంటే, చీపురుతో ఊడిస్తే దుమ్ము లేస్తుంది తడిగుడ్డ పెట్టండి, దుప్పట్లు గలీబులు వారానికోసారి 60 డిగ్రీల వేడినీళ్ళలో ఉతకండి, పరుపుకి జిప్ కవర్ తొడగండి, పాత దూది దిండ్లు తీసిపారెయ్యండి, దులిపే పనులు మీరు పెట్టుకోకండి, తప్పకపోతే మాస్క్ వేసుకోండి. ఇదంతా నాలుగు నిమిషాల్లో చెప్పేసి తర్వాతి పేషెంట్‌కి బెల్లు కొట్టాడు. ఇంటికొచ్చేసరికి నా బుర్రలో మిగిలినవి మూడే: దిండు, దులపడం, మాస్క్.

ఆ దిండు మా అమ్మ తెనాలి నుంచి తెచ్చిన బూరుగు దూది దిండు. పారేద్దామన్నా. "మీ నాన్న దగ్గరుండి కుట్టించింది రా అది, ఎండలో వేసి నాలుగు బాదితే ఏ పురుగైనా ఛస్తుంది" అంది. డాక్టర్ కంటే అమ్మ మాటే తేలిగ్గా అనిపించింది.

ఇప్పుడు డాబా మీద నా వేషం వినండి. ముక్కుకి ఎన్95 మాస్క్. కళ్ళు కూడా దురదపెడతాయి కాబట్టి హెల్మెట్, అద్దం పూర్తిగా కిందికి. ఫుల్ చేతుల చొక్కా. కర్ర దొరక్క నా పాత క్రికెట్ బ్యాటు. దండేనికి నాలుగు క్లిప్పులతో దిండు. అంటే ఎవరన్నా దూరం నుంచి చూస్తే ఓపెనింగ్‌కి దిగినవాడు బౌలర్ రాక విసుగొచ్చి ఆరేసిన బట్టల మీద పడ్డాడనుకుంటారు. ఆ చివర ఎవరివో గుమ్మడి వడియాలు ఆరేసి ఉన్నాయి, పాత పంచె మీద వరసలుగా, అప్పుడే పెట్టినట్టున్నారు, తడి మెరుస్తోంది. చూశాను, చూసే దూరంగా నిలబడ్డాను, ఈ మాట ఎవరూ నమ్మట్లేదు గానీ.

మొదటి దెబ్బకి దుమ్ము, రెండో దెబ్బకి ఇంకొంచెం, మూడో దెబ్బకి నాకు హుషారొచ్చింది. నాలుగోదానికి తుమ్మొచ్చింది. హెల్మెట్‌లో తుమ్మడం మీరెప్పుడన్నా చేశారా? మాస్క్ జారి గడ్డం కిందికి పోయింది, చప్పుడు బయటికి పోక రెండు చెవుల్లోకే తిరిగొచ్చింది, అద్దం మొత్తం ఆవిరి పట్టి లోకం తెల్లగా అయిపోయింది. చెయ్యి మాత్రం ఊపు మీదుంది కదా, తుమ్ముకొక దెబ్బ, దెబ్బకొక తుమ్ము, కళ్ళు కనపడకుండానే ఐదారు షాట్లు ఆడేశాను. మధ్యలో ఎక్కడో పర్రున శబ్దం వచ్చింది. చొక్కా చిరిగిందేమో అనుకున్నా.

అద్దం పైకెత్తితే నిజాంపేటలో మంచు కురుస్తోంది.

బూరుగు దూది సంగతి తెలియనివాళ్ళకి చెప్తున్నా, అది మామూలు పత్తి కాదు, చరఖాకి ఎక్కదు, దారంగా వడకబోతే జారిపోతుంది, ఊపిరి తగిలితే లేస్తుంది. చెట్టు అలా కనిపెట్టుకుంది, గింజలు గాలికి పోవడానికి. ఆ రోజు గాలి కూడా సరిగ్గా వడియాల వైపే. నేను బ్యాటు పట్టుకుని చూస్తుండగానే ఒక్కో వడియానికీ గడ్డాలు మొలిచాయి. పరిగెత్తి ఒకదాని మీద పోగు లాగా, పోగుతోపాటు వడియం సగం లేచొచ్చింది, పిండి వేళ్ళకి, వేళ్ళకి దూది, విదిలిస్తే పక్క వరసకి. ఈలోపు ఇంకో తుమ్ము, దాంతో నాలుగు వడియాల గడ్డాలు ఐదోదానికి మారాయి.

అప్పుడొచ్చింది 502 ఆంటీ, రెండో గిన్నె పిండితో. హెల్మెట్, బ్యాటు, ఒంటినిండా తెల్లటి బొచ్చు, తన వడియాల మీద వంగున్న మనిషి.

"ఎవర్రా నువ్వు!"

"నేనేనండి, మూడొందల... హాఛ్!"

హెల్మెట్ తీశాక గుర్తుపట్టి, అరవలేదు. అరిచినా బాగుండేది. గిన్నె మెల్లిగా కింద పెట్టి, "రాత్రి పప్పు నానబోసి పొద్దున ఐదింటికి లేచి రుబ్బాను బాబూ" అంది, అంతే.

డాబా ఎలా ఊడ్చానో, కిందికి ఎలా వచ్చానో గుర్తులేదు. సాయంత్రం గ్రూపులో ఎవరో తీసిన నా ఫోటో, కింద సెక్రటరీ మెసేజ్: టెర్రస్ మీద పొల్యూషన్ చేసిన రెసిడెంట్‌కి 500 ఫైన్. పక్క ప్లాట్‌లో నడుమెత్తు వయ్యారిభామ పొల్యూషన్ కాదు, మా నాన్న కుట్టించిన దిండు పొల్యూషన్. పెట్టినవాడు బాగానే పెట్టాడు, కింద 23 మంది లైకులు కూడానా.

ఇవాళ పొద్దున రసీదు పుస్తకంతో వచ్చాడు, బూట్లు వేసుకుని, బ్యాగు తగిలించుకుని. ఇచ్చాను. చించి చేతిలో పెట్టి లిఫ్ట్ వైపు తిరిగాడు. లిఫ్ట్ వచ్చింది, ఒక కాలు లోపల పెట్టాడు.

తుమ్మాను. ఒక్కటి.

ఆయన అలాగే ఆగిపోయి నా వైపు తిరిగాడు, లిఫ్ట్ తలుపు వచ్చి బూటుకి కొట్టుకుని వెనక్కి పోతోంది, మళ్ళీ వచ్చి కొట్టుకుంటోంది, ఇద్దరం రెండోదాని కోసం చూస్తూ నిలబడ్డాం.

రాలేదు.