కీ పోయినవారికీ దారి ఉండాలి

రాతలు, లావాదేవీలు బ్లాక్‌చెయిన్ (బ్లాకుల గొలుసు) మీద నమోదై, రాసినవారికి డిజిటల్ నాణేల్లో రాబడి వచ్చే హైవ్ సోషల్ మీడియా వేదికకు తర్వాత ఏ సదుపాయం చేర్చాలన్న చర్చ వచ్చినప్పుడల్లా మాట ముందుగా రాబడి మీదికే మళ్లుతుంది. రాసినవారికి వాటా ఎంత, ఓటు వేసినవారికి ఎంత, పొదుపు మీద వడ్డీ ఎంత? ఇవి అవసరమైన చర్చలే. కానీ చేజారిన ఖాతా మళ్లీ దక్కుతుందన్న నమ్మకం లేనిచోట రాబడి సూత్రాలకు ఎన్ని మెరుగులు దిద్దినా కొత్తవారు నిలవరు. ఇకపై జరిగే అభివృద్ధిలో మొదటి స్థానం ఖాతా పునరుద్ధరణకే దక్కాలన్నది మా నిశ్చితాభిప్రాయం.

హైవ్‌లో ఖాతా తెరిస్తే ఒక మాస్టర్ పాస్‌వర్డ్, దానినుంచి పుట్టే నాలుగు కీలు (తాళంచెవుల్లా పనిచేసే పొడవైన రహస్య సంకేతాలు) చేతికొస్తాయి. పోస్టింగ్ కీతో రాయొచ్చు, ఓటు వేయొచ్చు. నాణేలు మాత్రం కదలవు. నాణేల బదిలీకి యాక్టివ్ కీ కావాలి. రహస్య సందేశాలకు మెమో కీ. ఈ మూడింటినీ మార్చగల అధికారం ఓనర్ కీది. ఏర్పాటులో లోపం లేదు, వాడకంలోనే ఉంది. కొత్తవారు మాస్టర్ పాస్‌వర్డ్‌ను స్క్రీన్‌షాట్ తీసి ఫోన్ గ్యాలరీలో ఉంచేస్తారు, లేదంటే వాట్సాప్‌లో తమకు తామే పంపుకుంటారు. ఒక్క ఓటు వేయడానికి కూడా దాన్నే పేస్ట్ చేస్తారు. అచ్చం అసలు సైటులాగే కనిపించే నకిలీ సైటుకు అంతకన్నా ఏం కావాలి? బదిలీ చేస్తూ మెమో గడిలో పొరపాటున ప్రైవేట్ కీ పెట్టేసినవారూ ఉన్నారు. # గుర్తుతో మొదలుపెట్టి గూఢలిపిలోకి మారిస్తే తప్ప ఆ గడిలోని రాత లోకమంతటికీ కనిపిస్తుంది. 3 సెకన్లకో బ్లాకు తయారయ్యే ఆ గొలుసులోకి ఎక్కిన రాతను ఆపైన ఎవరూ తీసేయలేరు.

దొంగతనం జరిగితే హైవ్‌లో ఒక రక్షణ ఉంది. దొంగ ఓనర్ కీ మార్చేసినా, 30 రోజుల్లోపు పాత ఓనర్ కీ చూపి ఖాతాను వెనక్కి తెచ్చుకోవచ్చు. అందుకు ముందుగా మన రికవరీ ఖాతాగా, అంటే ఆపదలో మన తరఫున పూనుకునే ఖాతాగా, నమోదైనవారు అభ్యర్థన పెట్టాలి. అది 24 గంటలే చెల్లుతుంది, ఆలోపే మనం పాత కీ, కొత్త కీ రెండింటితో సంతకం చేయాలి. ఈలోగా పవర్ అప్ చేసిన (హైవ్ పవర్‌గా మార్చి కట్టిపెట్టిన) నాణేలు ఒక్కసారిగా పోవు, 13 వారాల పాటు వారానికి ఒక భాగం చొప్పునే విడుదలవుతాయి. సేవింగ్స్‌లో ఉన్నవి బయటికి రావడానికి 3 రోజులు పడుతుంది. చేతి ఖర్చుకు మించిన నాణేలు వాలెట్‌లో విడిగా ఉంచవద్దని అనుభవజ్ఞులు చెప్పేది ఇందుకే.

అయితే ఈ రక్షణంతా కీ దొంగిలించబడినవారికే. కీ పోగొట్టుకున్నవారికి ఇది అక్కరకు రాదు. ఫోన్ పాడైంది, కాగితం తడిసింది, ఖాతా చూసుకునే మనిషి చనిపోయారు: చూపడానికి పాత ఓనర్ కీయే లేనప్పుడు రికవరీ ఖాతా ఎంత నమ్మకమైనదైనా చేసేదేమీ లేదు. ఏళ్ల తరబడి రాసిన పోస్టులు కళ్లెదుటే ఉంటాయి, వాటిలో ఒక్క అక్షరం దిద్దుకునే హక్కు ఉండదు.

ఇక్కడ పాత బాకీ ఒకటుంది. 2020 మార్చి 20న తన మాతృక అయిన స్టీమ్ బ్లాక్‌చెయిన్ నుంచి విడిపోయినప్పుడు హైవ్ పాత ఖాతాల వివరాలనూ వెంట తెచ్చుకుంది. అంతకుముందు స్టీమ్ మీద నడిచే స్టీమిట్ సైటులో తెరిచిన ఖాతాలకు రికవరీ ఖాతాగా ‘స్టీమ్’ అనే పేరే నమోదై ఉండేది. దాన్ని మార్చుకోనివారికి ఆపద వేళ అభ్యర్థన పెట్టేవారు ఎవరు? మార్పు అమలుకు 30 రోజులు పడుతుంది కాబట్టి ఇల్లు కాలాక బావి తవ్వినట్టు అప్పుడు పరుగులు పెట్టి లాభం లేదు. పాత ఖాతాతో లాగిన్ అయిన వెంటనే ఈ హెచ్చరికను ప్రతి యాప్ తెర మీద చూపాలి. ఇది పెద్ద పనేమీ కాదు.

అసలు పరిష్కారానికి కావలసిన పునాది ఈ గొలుసులోనే ఉంది. హైవ్‌లో ఒక్కో అధికారం ఒకే కీకి కట్టుబడి ఉండనక్కరలేదు. కీలను, ఇతర ఖాతాల పేర్లను చేర్చి, ఒక్కోదానికి ఒక బరువు ఇచ్చి, పని జరగడానికి మొత్తం ఎంత బరువు కూడాలో నిర్ణయించవచ్చు. ఓనర్ అధికారంలో మన కీ ఒకటి, ఇంట్లో నమ్మకస్తుల ఖాతా ఒకటి, రికవరీ సేవ ఖాతా ఒకటి పెట్టి, తలా 1 బరువు ఇచ్చి, పరిమితి 2గా నిర్ణయిస్తే మన కీ పోయినా మిగిలిన ఇద్దరి సంతకాలతో ఖాతా తిరిగొస్తుంది. ఏ ఒక్కరూ ఒంటరిగా దాన్ని కాజేయలేరు. నమ్మకస్తుల కీ బదులు ఖాతా పేరే చేర్చడం మేలు. వారు తమ కీలు మార్చుకున్నా మన ఏర్పాటు చెడదు.

దీనికి గొలుసు నియమాలనే మార్చే హార్డ్‌ఫోర్క్ అక్కరలేదు, బ్లాకులు తయారుచేసే విట్నెస్‌లలో 17 మంది సమ్మతి కోసం ఎదురుచూడనక్కరలేదు. కావలసినదల్లా మామూలు మనిషి వాడగలిగే తెర.  చిక్కులు లేవనడం లేదు. లావాదేవీ గడువు తీరేలోపే అందరి సంతకాలూ చేరాలి. కాబట్టి సంతకం అడిగే సందేశం రెండోవారి ఫోన్‌కు అప్పటికప్పుడు వెళ్లే ఏర్పాటు ఉండాలి. ఖాతాకు ఒకే ఓనర్ కీ ఉంటుందన్న ఊహతో రాసిన పాస్‌వర్డ్ మార్పు ఫారం ఈ కూర్పును చెప్పాపెట్టకుండా తుడిచేయగలదు. యాప్‌లు తయారుచేసేవారు ముందుగా తమ పాత కోడ్‌లో వెతకవలసింది దీని కోసమే.  పేరులో ఒక అక్షరం తప్పి వేరేవారి ఖాతా చేరితే గొలుసుకు తెలియదు. ఆ తనిఖీ తెరే చేయాలి.

తేలిక ఖాతాల ఆలోచన హైవ్ డెవలపర్లలో చాలాకాలంగా నలుగుతోంది. కీల గొడవ లేకుండా మామూలు లాగిన్‌తో చేరే ఈ పద్ధతిని మేము స్వాగతిస్తాం. తెలుగులో రాసేవారికి ఇది మరీ అవసరం. అక్షరాలను కంప్యూటర్‌లో దాచే యూటీఎఫ్-8 పద్ధతి లెక్కలో ‘తెలుగు’ అన్న మాట 18 బైట్లు. మూడక్షరాల్లా కనిపించినా అందులో ఆరు సంకేతాలున్నాయి, ఒక్కోటి 3 బైట్లు. గొలుసు మీద రాయడానికి ఖర్చయ్యే, హైవ్ పవర్‌ను బట్టి దక్కే రిసోర్స్ క్రెడిట్లలో లావాదేవీ బైట్ల పరిమాణం కూడా లెక్కకొస్తుంది. అందుకే హైవ్ పవర్ లేని కొత్తవారు ఇంగ్లిష్‌లో రాస్తే సాగేచోట తెలుగులో రాసి ఆగిపోతారు. తేలిక ఖాతాలో ఆ ఖర్చు సేవ నడిపేవారి మీద పడుతుంది.

అయితే తేలిక ఖాతాలో కీ వినియోగదారు దగ్గర ఉండదు, సేవ నడిపేవారి దగ్గర ఉంటుంది. ఆ సేవ మూతపడితే? గొలుసు మీద రచయితగా ఎవరి పేరు ఉంటుంది? రేపు పూర్తి ఖాతాకు మారితే పాత పోస్టులు, అనుసరించేవారు వెంట వస్తారా? ఈ జవాబులు ముందే రాతపూర్వకంగా ఉండాలి. లేకపోతే పాత సోషల్ మీడియాలో ఏ పరాధీనత వద్దని జనం హైవ్‌కు వచ్చారో అదే ఇక్కడా దాపురిస్తుంది.

ముప్పును చూసి రక్షణ కట్టడం హైవ్‌కు తెలియని విద్య కాదు. 2020 మార్చిలో ఖాతాదారులు దాచుకున్న నాణేలతో కొన్ని ఎక్స్ఛేంజీలు (డిజిటల్ నాణేలు కొని అమ్మే సంస్థలు) ఓటు వేయడంతో స్టీమ్ పాత విట్నెస్‌లు రాత్రికి రాత్రి స్థానాలు కోల్పోయారు. అదే ఏడాది వచ్చిన హార్డ్‌ఫోర్క్‌లో, కొత్తగా పవర్ అప్ చేసిన నాణేలకు విట్నెస్‌లను ఎన్నుకోవడం వంటి పరిపాలన ఓటు 30 రోజుల దాకా లేకుండా హైవ్ నిబంధన పెట్టింది. పెద్ద పెట్టుబడి నుంచి గొలుసును కాపాడిన ఆ శ్రద్ధ సామాన్య వినియోగదారుకూ దక్కాలి.

హైవ్ నిధి నుంచి డబ్బు అడిగే బృందాలు తమ ప్రతిపాదనలో ఖాతా పునరుద్ధరణ పనిని విడిగా చూపాలి. ప్రయోగాల కోసం నడిపే టెస్ట్‌నెట్‌లో కీ పోయిన ఖాతాను తిరిగి తెచ్చి చూపాకే రెండో విడత నిధులు అడగాలి. ఓటు ఉన్నవారు ఆ వరుస చూసే ఓటు వేయాలి.