మంచుకొండలకు వెళ్ళేముందు ఇంట్లో చెప్పండి

అమెరికాలో కొలరాడో, వాషింగ్టన్ రాష్ట్రాల్లో ఉంటున్న మన పిల్లలు ఇప్పుడు సెలవు దొరికితే మంచుకొండలెక్కుతున్నారు. లిఫ్టులో పైకి వెళ్ళి జారుతూ దిగే రిసార్టు స్కీయింగ్ గురించి కాదు నేను చెప్పేది. లిఫ్టులూ కాపలావాళ్ళూ లేని కొండల్లో, నడిచేటప్పుడు మడమ పైకి లేచే సన్నటి క్రాస్ కంట్రీ స్కీలు కట్టుకుని, వీపున సంచితో మైళ్ళకు మైళ్ళు సాగే బ్యాక్‌కంట్రీ ప్రయాణాల గురించి. హైదరాబాద్‌లో ఉన్న అమ్మానాన్నలకు మాత్రం "ఫ్రెండ్ వాళ్ళింటికి వెళ్తున్నాం, ఫోన్ కలవకపోవచ్చు" అంటారు. మా మల్కాజిగిరిలోనే అలాంటి ఇళ్ళు నాకు తెలుసు.

నిజం చెబితే మనం ఊరుకోం కదా. అన్నం మానేస్తాం, బీపీ తెచ్చుకుంటాం, "మనకెందుకే ఆ మంచులో తిప్పలు" అని ఏడుస్తాం. దాంతో వాళ్ళు వెళ్ళడం మానరు, చెప్పడం మానేస్తారు. ఇది మారాలి. మంచులోకి వెళ్ళే పిల్లల ప్లాన్ మొత్తం ఇక్కడి పెద్దవాళ్ళ చేతిలో ఉండాలని నేను గట్టిగా నమ్ముతున్నాను.

టైం తేడానే చూడండి. శీతాకాలంలో కొలరాడోలోని డెన్వర్ మనకన్నా 12 గంటల 30 నిమిషాలు వెనక ఉంటుంది. చీకటి పడుతుండగా, సాయంత్రం 5 గంటలకు వాళ్ళు కారు దగ్గరికి చేరాల్సి ఉంటే, ఇక్కడ తెల్లవారుజాము 5.30. పాలప్యాకెట్ కోసం తలుపు తీసే వేళ. అక్కడి స్నేహితులు నిద్రపోయే రాత్రంతా మనకు పగలు. పిల్లలు తిరిగి రాలేదని ముందుగా కనిపెట్టి, నాలుగు ఫోన్లు చేయగలిగేది మనమే.

అయితే ఎవరికి చేయాలో తెలిసుండాలి. ఇక్కడినుంచి అమెరికా అత్యవసర నంబరు 911 కొడితే అక్కడి పోలీసులకు వెళ్ళదు. కొలరాడో కొండల్లో తప్పిపోయినవాళ్ళను వెతికించే బాధ్యత ఆ కౌంటీ (మన జిల్లా లాంటిది) పోలీసు పెద్ద అయిన షెరిఫ్‌ది. ఆ ఆఫీసుకు మామూలు పదంకెల నంబరుంటుంది. దానిముందు +1 కలిపితే మన సెల్ నుంచే కలుస్తుంది. వెతకడానికి వెళ్ళేవాళ్ళు ఎక్కువగా వాలంటీర్లు. ఏ కౌంటీ, ఏ దారి మొదట్లో కారు పెట్టారు, కారు రంగేమిటి, ఎంతమంది అన్నది చెప్పగలిగితేనే వాళ్ళు బయల్దేరగలరు. "కొలరాడోలో ఎక్కడో ఉన్నారు సార్" అంటే పాపం వాళ్ళు మాత్రం ఏం చేస్తారు?

మొన్న చలికాలంలో మా అమ్మాయి, అల్లుడు స్నేహితులతో కలిసి కొలరాడోలోనే లెడ్‌విల్ దగ్గర ఒక కొండ క్యాబిన్‌కు వెళ్ళారు. వంటింటి క్యాలెండర్లో పాలలెక్క పక్కనే రాసుకున్నాను: "సోమవారం 5.30కి ఫోన్. గాలి లేస్తే అక్కడే ఆగుతారు. మంగళవారం 10 దాటితే షెరిఫ్." సోమవారం ఫోన్ రాలేదు. టెన్షన్ పడలేదంటే అబద్ధం. కానీ ఆగారంటే మంచిపనే చేశారని తెలుసు. అక్కడ వాకిట్లో గుచ్చిన స్కీలు గుమ్మంలోంచి కనపడలేదట. కట్టెల పొయ్యి మీద మంచు కరిగించుకుని తాగారు. గిన్నెలో ముందు కాసిని నీళ్ళు పోసి ఆపైన మంచు వేయాలట, లేకపోతే అడుగంటిన వాసన వస్తుందట. మంగళవారం తెల్లారేసరికి ఫోన్ మోగింది.

మంచు తుఫానంటే మంచు బాగా కురవడమే అనుకుంటాం. అమెరికా వాతావరణ శాఖ లెక్కలో గంటకు 56 కిలోమీటర్లకు తగ్గని గాలి, 400 మీటర్లలోపే చూపు ఆగిపోవడం, అదీ కనీసం 3 గంటలపాటు ఉంటేనే బ్లిజార్డ్. మైనస్ 10 డిగ్రీల చలి 50 కిలోమీటర్ల గాలిలో మైనస్ 22లా కొరుకుతుంది. నేలా ఆకాశమూ కలిసిపోయి ఎత్తుపల్లాలు తెలియవు. గాలి ఎత్తుకెళ్ళిన మంచు కొండకు అవతలి వాలున పలకలా గట్టిపడుతుంది. తుఫాను తగ్గి నీలాకాశం కనపడిన రోజున, 30 నుంచి 45 డిగ్రీల వాలు మీద అది మనిషి బరువుకే విరిగిపడొచ్చు. ఆ చరియ కింద కప్పబడినవాళ్ళను మొదటి 10 నిమిషాల్లో తవ్వితీస్తే ఎక్కువమంది బతుకుతారు. అరగంట దాటితే ఆశ బాగా తగ్గిపోతుంది. అందుకే బీకన్ (మంచు కింద ఉన్నవాళ్ళ జాడ చెప్పే రేడియో పరికరం), ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ), పార ఒక్కొక్కరి దగ్గరా ఉండాలి. పక్కవాడి దగ్గర ఉందంటే కుదరదు.

తుఫాను కబురు మనకు ముందే తెలియడం చిన్న విషయమేమీ కాదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖను ఊడ్చేసింది. మనమంతా టీవీలకు అతుక్కుపోయి చూశాం. అదే తుఫాను మిగులు మేఘాలు రెండ్రోజుల తర్వాత నేపాల్‌లో, 5,416 మీటర్ల ఎత్తున ఉన్న థొరాంగ్ లా కనుమ చుట్టుపక్కల మంచై విరుచుకుపడ్డాయి. ఆ విపత్తులో 40 మందికి పైగా పోయారు. దారిలో ఉన్న చాలామందికి హెచ్చరికే అందలేదు. నాకది తలచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది.

కాబట్టి అమ్మలూ నాన్నలూ, "వద్దు" అనేముందు అడగండి: అవలాంచ్ (మంచుచరియ) ప్రమాద సూచన 5లో ఎంత ఉంది? 3 అంటే మధ్యరకమని తేలిగ్గా తీసుకునే స్థాయి కాదు, మనుషుల వల్లే చరియలు విరిగే అవకాశం ఎక్కువని. ఎన్నింటికి వెనక్కి తిరుగుతారు? ఎన్ని గంటలు చూసి ఫోన్ చేయమంటారు?

ఈ పత్రిక వేసే మన సంఘం పెద్దలకు ఒక మనవి. డిసెంబర్ సంచికలో ఒక పేజీ ఖాళీ గళ్ళతో వేయండి: కౌంటీ, షెరిఫ్ నంబరు, దారి పేరు, కారు వివరాలు, వెంట ఉన్నవాళ్ళ ఫోన్లు, మన టైములో చివరి గడువు. పిల్లలు నింపి ఫొటో తీసి పంపితే చాలు. తెలుగులో ఆ పేజీ రాసిచ్చే పని నాకు వదిలేయండి.